పాఠం 17. గాలిమరల విద్యుత్తుకు నిల్వ పద్ధతిని ఎంచుకోవడం

17.1 పరిచయం

పంట ఇంటికి వచ్చిన రోజునే మీరు దాన్నంతా తినివేయరు కదా! తిండిగింజలను గాదెలోనో, పాతరలోనో పోస్తారు. విత్తనాలను విడిగా, వేపాకు కలిపి భద్రపరుస్తారు. పాలను మాత్రం కాచి, తోడువేసి ఒకటి రెండు రోజులలోనే వాడుకుంటారు. ఏ వస్తువును ఎంతకాలం దాచాలి, అందులో ఎంత పాడవుతుంది, దాచడానికి ఎంత ఖర్చవుతుంది అని ఆలోచించిన తరువాతనే దాచే పద్ధతిని నిర్ణయిస్తారు.

విద్యుత్తు విషయంలోనూ ఇలాగే ఆలోచించాలి. అయితే ఒక తేడా ఉంది. విద్యుత్తును విద్యుత్తుగానే పెద్ద మొత్తంలో దాచడం కష్టం. దాన్ని మరొక శక్తి రూపంలోకి మార్చి దాచి, కావలసినప్పుడు తిరిగి విద్యుత్తుగా మార్చుకోవాలి. గత పాఠంలో గాలిమర ఎలా పనిచేస్తుందో తెలుసుకున్నారు. ఈ పాఠంలో ఆ విద్యుత్తును దాచే పద్ధతుల గురించి, వాటిలో సరైనదాన్ని ఎంచుకునే విధానం గురించి తెలుసుకుంటారు.

17.2 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు
- గాలిమరల విద్యుత్తుకు నిల్వ ఎందుకు అవసరమో వివరించగలుగుతారు;
- మెగావాటుకు, మెగావాట్-గంటకు గల తేడాను చెప్పగలుగుతారు;
- ముఖ్యమైన నిల్వ పద్ధతులను పోల్చగలుగుతారు;
- ఒక ప్రదేశానికి ఏ పద్ధతి తగినదో లెక్కవేసి నిర్ణయించగలుగుతారు.

17.3 నిల్వ ఎందుకు?

గాలిలోని శక్తి గాలి వేగపు ఘనానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అంటే గాలి వేగం సెకనుకు 5 మీటర్ల నుండి 10 మీటర్లకు, రెండింతలు పెరిగితే, దానిలోని శక్తి 8 రెట్లు అవుతుంది. అదే విధంగా వేగం సగానికి తగ్గితే శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. గాలిలో మనకు చిన్నగా అనిపించే మార్పు కూడా విద్యుత్తులో పెద్ద మార్పుగా కనిపించేది ఇందువల్లనే.

మరొకవైపు, విద్యుత్ వ్యవస్థలో ప్రతి క్షణం ఉత్పత్తి, వాడకం సమానంగా ఉండాలి. మన దేశంలో విద్యుత్తు పౌనఃపున్యం సెకనుకు 50 ఆవృత్తులు. ఉత్పత్తి తగ్గితే ఇది పడిపోతుంది. వాడకం తగ్గితే ఇది పెరుగుతుంది. రెండూ ప్రమాదమే.

గాలిలో వచ్చే మార్పులు మూడు రకాలు. వీటిని బాగా గుర్తుంచుకోండి. పాఠం చివరివరకు వీటితోనే పని.

(అ) క్షణాల నుండి నిమిషాల వరకు: గాలి విసురు పెరగడం, తగ్గడం.
(ఆ) గంటలలో: రాత్రి గాలి బాగా వీచి, సాయంత్రం దీపాలు పెట్టే వేళ తగ్గడం.
(ఇ) ఋతువులలో: తమిళనాడులోని ముప్పందల్‌ను తీసుకోండి. పశ్చిమ కనుమల మధ్య ఉన్న ఆరల్వాయ్‌మొళి కనుమ గుండా నైరుతి ఋతుపవనాలు దూసుకు వస్తాయి. అందువల్ల అక్కడ మే నుండి సెప్టెంబరు వరకు గాలిమరలు బాగా తిరుగుతాయి. మిగిలిన నెలలలో ఉత్పత్తి చాలా తగ్గుతుంది. 1990లలో గాలిమరలు వెలసిన రామగిరి కొండలలోనూ (ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లా) గాలి ప్రధానంగా ఋతుపవన కాలపు గాలియే.

2025 మార్చి నాటికి మన దేశంలో గాలిమరల స్థాపిత సామర్థ్యం 50 వేల మెగావాట్లు దాటింది. పొరుగున శ్రీలంకలోని మన్నార్ దీవిలో, పాకిస్తాన్‌లో సింధ్ ప్రాంతపు ఝింపీర్‌లో కూడా పెద్ద గాలిమరల కేంద్రాలు ఉన్నాయి. గాలిమరలు కొద్దిగా ఉన్నప్పుడు వాటి హెచ్చుతగ్గులను మిగిలిన కేంద్రాలు సర్దుకోగలవు. అవి పెరిగేకొద్దీ, గాలి బాగా వీచే వేళ విద్యుత్తును తీసుకునేవారు లేక మరలను ఆపవలసి వస్తుంది. గాలి లేని వేళ కోత విధించవలసి వస్తుంది. నిల్వ అవసరం ఇక్కడే మొదలవుతుంది.

17.4 తొట్టి, కుళాయి

మీ ఇంటి నీళ్ల తొట్టిని గురించి రెండు ప్రశ్నలు వేయవచ్చు. తొట్టిలో ఎన్ని నీళ్లు పడతాయి? కుళాయి తిప్పితే నిమిషానికి ఎన్ని నీళ్లు వస్తాయి? ఈ రెండూ వేరువేరు.

నిల్వ కేంద్రంలో కుళాయి ధారను మెగావాట్లలోను, తొట్టి పరిమాణాన్ని మెగావాట్-గంటలలోను చెబుతారు. ఒక మెగావాట్-గంట అంటే 1000 యూనిట్లు. మీ ఇంటి కరెంటు బిల్లులో కనిపించే యూనిటే ఇది. "100 మెగావాట్ల నిల్వ కేంద్రం" అని మాత్రమే చెబితే సగం సంగతే చెప్పినట్లు. అది ఎన్ని గంటలు విద్యుత్తు ఇవ్వగలదో అడగాలి.

మీ పరిసరాల నుండే ఒక ఉదాహరణ చూద్దాం. ఇంటి ఇన్వర్టరుకు వాడే 12 వోల్టులు, 150 ఆంపియర్-గంటల బ్యాటరీలో 12 × 150 = 1800 వాట్-గంటలు, అంటే 1.8 యూనిట్లు ఉంటాయి. ఇప్పుడు 50 మెగావాట్ల గాలిమరల కేంద్రం ఇచ్చే విద్యుత్తును 4 గంటలపాటు నిల్వ చేయాలనుకోండి. 50 × 4 = 200 మెగావాట్-గంటలు, అంటే 2 లక్షల యూనిట్లు. ఇంటి బ్యాటరీలతో దీన్ని దాచాలంటే లక్షా పదివేలకు పైగా కావాలి. అందులోనూ ఇటువంటి బ్యాటరీని ప్రతిసారీ పూర్తిగా ఖాళీ చేస్తే అది త్వరగా పాడవుతుంది. సగం వరకే వాడుకోవాలంటే సంఖ్య రెండింతలవుతుంది. ఇంటికి సరిపోయే పద్ధతి కేంద్రానికి సరిపోకపోవడానికి కారణం మీకు అర్థమైంది కదా!

ఈ 2 లక్షల యూనిట్లను గుర్తుంచుకోండి. ఇకముందు ప్రతి పద్ధతినీ దీనితోనే కొలుద్దాం.

పాఠ్యాంతర్గత ప్రశ్నలు 17.1
1. గాలి వేగం మూడింతలైతే దానిలోని శక్తి ఎన్ని రెట్లవుతుంది?
2. ఒక నిల్వ కేంద్రం 20 మెగావాట్లు, 60 మెగావాట్-గంటలు. పూర్తి ధారతో అది ఎన్ని గంటలు పనిచేస్తుంది? సగం ధారతో అయితే?

17.5 నిల్వ పద్ధతులు

17.5.1 నీటిని ఎత్తులో దాచడం

దీన్ని పంప్డ్ స్టోరేజి అంటారు. ఎత్తున ఒక జలాశయం, దిగువన మరొకటి ఉంటాయి. విద్యుత్తు మిగిలినప్పుడు నీటిని పైకి తోడుతారు. అవసరమైనప్పుడు కిందికి వదిలి టర్బైన్లను తిప్పుతారు. ఒకే యంత్రం ఒకసారి పంపుగా, మరొకసారి టర్బైనుగా పనిచేస్తుంది. విద్యుచ్ఛక్తి నీటి స్థితిశక్తిగా మారి నిల్వ ఉంటుంది.

ఒక టన్ను నీటిని 100 మీటర్ల ఎత్తుకు తోడితే దానిలో ఎంత శక్తి చేరుతుంది? ద్రవ్యరాశి × గురుత్వ త్వరణం × ఎత్తు = 1000 × 9.8 × 100 = 9,80,000 జౌళ్లు. ఒక యూనిట్ 36 లక్షల జౌళ్లు కనుక ఇది 0.27 యూనిట్ మాత్రమే. ఎత్తు 200 మీటర్లు అయితే 0.54 యూనిట్. టర్బైనులో కొంత పోగా అర యూనిట్ చేతికి వస్తుంది. మన 2 లక్షల యూనిట్లకు 4 లక్షల టన్నుల నీరు, అంటే 4 లక్షల ఘనపు మీటర్లు కావాలి. 200 మీటర్ల పొడవు, 200 మీటర్ల వెడల్పు, 10 మీటర్ల లోతు గల చెరువు సరిపోతుంది. అటువంటివి పైన ఒకటి, కింద ఒకటి కావాలి.

ఈ లెక్క మనకు రెండు సంగతులు చెబుతుంది. ఎత్తు తగ్గితే చెరువు పెరగాలి. కింద నీటిని పట్టి ఉంచే జలాశయం లేకపోతే, వదిలిన నీరు నదిలో పోతుంది, మళ్లీ తోడడానికి ఏమీ మిగలదు.

మన దేశంలో ఈ పద్ధతి కొత్తది కాదు. తమిళనాడులోని కడంపారైలో 100 మెగావాట్ల యూనిట్లు నాలుగు 1980ల చివరలో పనిలోకి వచ్చాయి. నాగార్జునసాగర్‌లో ఇటువంటి యూనిట్లు 7, శ్రీశైలం ఎడమగట్టున ఒక్కొక్కటి 150 మెగావాట్లవి 6 ఉన్నాయి. పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా కేంద్రం సామర్థ్యం 900 మెగావాట్లు. నంద్యాల జిల్లా పిన్నాపురంలో మరొక తీరు చూడవచ్చు. 2022లో శంకుస్థాపన జరిగిన ఈ 1680 మెగావాట్ల ప్రాజెక్టులో రెండు జలాశయాలనూ నదికి దూరంగా కట్టాలని నిర్ణయించారు. ఒకసారి నీటితో నింపిన తరువాత ఆవిరైపోయినంత మేరకే కొత్త నీరు చేర్చాలి.

100 యూనిట్లు ఖర్చుచేసి తోడితే 75 నుండి 80 యూనిట్లు తిరిగి వస్తాయి. కేంద్రం 40, 50 సంవత్సరాలు, ఇంకా ఎక్కువ కూడా పనిచేస్తుంది. అయితే తగిన కొండ కావాలి, భూమి కావాలి, నిర్మాణానికి చాలా సంవత్సరాలు పడుతుంది.

17.5.2 బ్యాటరీలు

ఇక్కడ విద్యుచ్ఛక్తి రసాయన శక్తిగా మారుతుంది. ఇప్పుడు పెద్ద కేంద్రాలలో ఎక్కువగా వాడేది లిథియం-అయాన్ బ్యాటరీ. లారీపై వచ్చే కంటెయినరు వంటి ఒక పెట్టెలో సుమారు 3 నుండి 5 వేల యూనిట్లు పడతాయి. మన 2 లక్షల యూనిట్లకు 40 నుండి 70 పెట్టెలు కావాలి. కొండ అక్కరలేదు, కొన్ని నెలలలో అమర్చవచ్చు. 100 యూనిట్లకు 85 నుండి 90 యూనిట్లు తిరిగి వస్తాయి. ఆదేశం అందిన వెంటనే, సెకనులో కొంత భాగంలోనే స్పందిస్తుంది.

ఆస్ట్రేలియాలో జరిగినది చూడండి. 2016 సెప్టెంబరు 28న దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రమంతా తుఫాను కారణంగా చీకటిలో మునిగింది. ఆ తరువాత హార్న్స్‌డేల్ గాలిమరల పక్కనే 100 మెగావాట్లు, 129 మెగావాట్-గంటల బ్యాటరీ కేంద్రాన్ని నెలకొల్పారు. అది 2017 డిసెంబరులో పనిలోకి వచ్చింది. ఆ నెలలోనే వందలాది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక బొగ్గు విద్యుత్ యూనిట్ హఠాత్తుగా ఆగిపోయింది. బ్యాటరీ వెంటనే విద్యుత్తును అందించి, పౌనఃపున్యం పడిపోకుండా నిలబెట్టడానికి తోడ్పడింది. లెక్కచూస్తే పూర్తి ధారతో ఆ కేంద్రం గంటా పదిహేడు నిమిషాలే నడవగలదు. అయినా దాని ముఖ్యమైన పని క్షణాలలో ఆదుకోవడం కనుక అది చాలింది.

లోపాలూ ఉన్నాయి. సుమారు 10 నుండి 15 సంవత్సరాలలో బ్యాటరీలను మార్చవలసి వస్తుంది. వేడి ఎక్కువైతే వాటి ఆయుష్షు తగ్గుతుంది. కనుక మన ఎండలకు చల్లబరిచే ఏర్పాటు తప్పనిసరి. నిప్పు అంటుకుంటే ఆర్పడం కష్టం. వాడి పారవేసిన వాటిని ఏం చేయాలో ముందే ఆలోచించాలి.

17.5.3 ఇతర పద్ధతులు

ఫ్లైవీల్: బరువైన చక్రాన్ని అతివేగంగా తిప్పి గతిశక్తిగా దాచడం. కుట్టుమిషను చక్రం కాలు తీసిన తరువాత కూడా కొంతసేపు తిరగడం మీరు చూసే ఉంటారు. ఇది క్షణాలకు, నిమిషాలకు పనికి వస్తుంది. గంటలకు పనికిరాదు.

సంపీడిత గాలి: గాలిని భూగర్భ గుహలలోకి అధిక పీడనంతో నొక్కి, అవసరమైనప్పుడు వదలడం. జర్మనీలోని హుంటోర్ఫ్‌లో 1978 నుండి ఉప్పు గుహలలో ఈ పద్ధతి ఉంది. గాలిని నొక్కినప్పుడు పుట్టే వేడి వృథా అవుతుంది. వదిలేటప్పుడు మళ్లీ వేడిచేయడానికి సహజవాయువును మండించాలి. అందువల్ల దక్షత 40 శాతానికి కొద్దిగా ఎక్కువ. తగిన భూగర్భం ఉన్నచోటనే ఇది సాధ్యం.

హైడ్రోజన్: విద్యుత్తుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్‌ను దాచడం. నెలల తరబడి దాచవచ్చు. కాని 100 యూనిట్లకు 30 నుండి 40 యూనిట్లే విద్యుత్తుగా తిరిగి వస్తాయి.

పాఠ్యాంతర్గత ప్రశ్నలు 17.2
1. 200 మీటర్ల ఎత్తున ఉన్న జలాశయంలో 2 లక్షల ఘనపు మీటర్ల నీరు ఉంది. సుమారు ఎన్ని యూనిట్లు లభిస్తాయి?
2. పంప్డ్ స్టోరేజిలో దిగువ జలాశయం ఎందుకు కావాలి?

17.6 ఎంచుకునే ముందు వేయవలసిన ప్రశ్నలు

మొదటి ప్రశ్న: ఎంతసేపటి కోసం? క్షణాలకైతే బ్యాటరీ లేదా ఫ్లైవీల్. రెండు నుండి నాలుగు గంటలకైతే బ్యాటరీ. ఆరు, ఎనిమిది గంటలు, అంతకు మించి పెద్ద మొత్తంలో అయితే, కొండ ఉన్నచోట నీరు.

రెండవ ప్రశ్న: తిరిగి ఎంత వస్తుంది? గాలిమర యూనిట్ ధర 3 రూపాయలు అనుకుందాం. 75 శాతం తిరిగి వచ్చే పద్ధతిలో, కేవలం నష్టం వల్లనే యూనిట్ ధర 4 రూపాయలవుతుంది. 40 శాతం వచ్చే పద్ధతిలో ఏడున్నర రూపాయలవుతుంది.

మూడవ ప్రశ్న: సంవత్సరానికి ఎన్నిసార్లు వాడతాం? చాలామంది మరిచిపోయే ప్రశ్న ఇదే. లెక్క కోసం ఒక యూనిట్‌ను దాచే ఏర్పాటుకు 15,000 రూపాయలు అవుతుందని, అది 15 సంవత్సరాలు పనిచేస్తుందని అనుకుందాం. వడ్డీని పక్కన పెడదాం. దాన్ని సంవత్సరానికి 333 సార్లు నింపి, వాడితే 15 సంవత్సరాలలో సుమారు 5,000 సార్లు వాడినట్లు. ప్రతి యూనిట్‌పై నిల్వ ఖర్చు 3 రూపాయలు. అదే ఏర్పాటును జులైలో నింపి జనవరిలో వాడదామనుకుంటే సంవత్సరానికి ఒక్కసారే వాడతాం. 15 సంవత్సరాలకు 15 సార్లు. అప్పుడు ప్రతి యూనిట్‌పై ఖర్చు 1,000 రూపాయలు! పెళ్లికి అద్దెకు తెచ్చుకునే వంటపాత్రలను ఎవరూ కొని ఇంట్లో పెట్టుకోరు కదా!

కాబట్టి మూడవ రకం మార్పుకు, అంటే ఋతువుల మార్పుకు, బ్యాటరీ జవాబు కాదు. గాలి లేని నెలలలో సూర్యరశ్మి, జలవిద్యుత్తు వంటి ఇతర వనరులు, దూరప్రాంతాల నుండి విద్యుత్తు తెచ్చే లైన్లు జవాబు.

నాల్గవ ప్రశ్న: ఆ చోటు ఏమి ఇస్తుంది? కొండ ఉందా, నీరు ఉందా, లైను ఉందా, రోడ్డు ఉందా?

ఐదవ ప్రశ్న: భారం ఎవరిపై పడుతుంది? జలాశయం కింద ఎవరి పొలాలు, ఏ అడవి, ఏ మేతభూములు పోతాయి? తాగునీటికి, సాగుకు ఉన్న నీటిని వాడుతున్నారా? బ్యాటరీలు ఇళ్లకు ఎంత దూరంలో ఉన్నాయి? మీ ప్రాంతంలో ఇటువంటి ప్రాజెక్టు వస్తే గ్రామసభలోను, పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణలోను ఈ ప్రశ్నలు అడగడానికి మీకు హక్కు ఉంది. ప్రశ్న తెలిసినవారే జవాబు రాబట్టగలరు.

17.7 నిజమైన ఒక ఉదాహరణ

స్పెయిన్ దేశానికి చెందిన ఎల్ ఎయెర్రో ఒక చిన్న దీవి. అక్కడ సుమారు 11 వేల మంది నివసిస్తున్నారు. పూర్వం విద్యుత్తు కోసం డీజిలును ఓడలలో తెచ్చుకునేవారు. 2014లో అక్కడ 11.5 మెగావాట్ల గాలిమరలను, వాటికి తోడుగా పంప్డ్ స్టోరేజి కేంద్రాన్ని ప్రారంభించారు. చల్లారిన అగ్నిపర్వత ముఖాన్నే పై జలాశయంగా మలిచారు. రెండు జలాశయాల మధ్య ఎత్తు సుమారు 650 మీటర్లు. అంత ఎత్తు కలిసి వచ్చినందువల్ల చిన్న జలాశయాలే సరిపోయాయి.

2019 వేసవిలో మూడు వారాలకు పైగా డీజిలు లేకుండా దీవి నడిచింది. అయితే సంవత్సరం మొత్తం మీద చూస్తే ఆ ఏడాది సుమారు సగానికి పైగా మాత్రమే గాలి, నీటి నుండి వచ్చింది. గాలి తగ్గిన నెలలలో మళ్లీ డీజిలే ఆదుకుంది. గంటల మార్పును నిల్వ జయించింది. ఋతువుల మార్పును జయించలేకపోయింది. మనం 17.6లో వేసిన లెక్క చెప్పినది కూడా ఇదే.

17.8 ఒక అపోహ

తమిళనాడులో గాలిమరల యజమానులకు "బ్యాంకింగ్" అనే సౌకర్యం చాలాకాలంగా ఉంది. గాలి వీచే నెలలలో ఇచ్చిన యూనిట్లను లెక్కలో జమచేసి, తరువాత వాడుకోనిచ్చేవారు. ఇది విన్నవారు విద్యుత్తు ఎక్కడో దాచి ఉందని అనుకుంటారు. నిజానికి ఇచ్చిన యూనిట్లను ఆ క్షణమే ఎవరో వాడుకున్నారు. తరువాత తిరిగి ఇచ్చేవి అప్పుడు మరొక కేంద్రంలో తయారైనవి. ఇది పుస్తకంలోని జమయే కాని గాదెలోని గింజ కాదు.

17.9 మీరు నేర్చుకున్నది

- గాలిలోని మార్పులు క్షణాలలో, గంటలలో, ఋతువులలో వస్తాయి. ఒక్కొక్కదానికి పరిష్కారం వేరు.
- మెగావాటు ధారను, మెగావాట్-గంట నిల్వను తెలుపుతాయి. రెండూ తెలియకుండా నిర్ణయం చేయరాదు.
- నీటి నిల్వకు ఎత్తు, రెండు జలాశయాలు, ఓపిక కావాలి. ఆయుష్షు ఎక్కువ. బ్యాటరీ త్వరగా అమరుతుంది, త్వరగా స్పందిస్తుంది. ఆయుష్షు తక్కువ.
- ఏ నిల్వ అయినా ఎంత తరచుగా వాడితే యూనిట్ ఖర్చు అంత తగ్గుతుంది.
- అన్నిచోట్లకూ ఉత్తమమైన పద్ధతి అంటూ లేదు. అవసరమే పద్ధతిని నిర్ణయిస్తుంది.

17.10 పాఠాంత ప్రశ్నలు

1. ఈ కింది మూడు చోట్లకు తగిన నిల్వ పద్ధతిని సూచించి, కారణాలు రాయండి.
(అ) సముద్రతీరపు సమతల ప్రదేశం. గాలి విసురు నిమిషాలలో మారుతున్నందున లైనులో పౌనఃపున్యం దెబ్బతింటున్నది.
(ఆ) కొండల ప్రాంతం. దగ్గరలో పాత జలాశయం ఉంది. రాత్రంతా గాలి, సాయంత్రం 6 గంటలపాటు అధిక వాడకం.
(ఇ) జూన్ నుండి సెప్టెంబరు వరకు గాలి. రైతులకు మోటార్ల విద్యుత్తు ముఖ్యంగా జనవరి నుండి మార్చి వరకు కావాలి.
2. మీ ఇంటి నెల బిల్లులోని యూనిట్లను 30తో భాగించి, ఒక రోజు వాడకం కనుక్కోండి. దాన్ని 100 మీటర్ల ఎత్తున నీటిలో దాచాలంటే ఎన్ని టన్నుల నీరు కావాలి? (టన్నుకు పావు యూనిట్ లభిస్తుందనుకోండి.)
3. "బ్యాంకింగ్ నిల్వ కాదు." ఈ వాక్యాన్ని వివరించండి.

17.11 పాఠ్యాంతర్గత ప్రశ్నల జవాబులు

17.1: 1. 27 రెట్లు. 2. పూర్తి ధారతో 3 గంటలు, సగం ధారతో 6 గంటలు.
17.2: 1. సుమారు 1 లక్ష యూనిట్లు. 2. వదిలిన నీటిని మళ్లీ పైకి తోడడానికి పట్టి ఉంచాలి కనుక.

పాఠాంత ప్రశ్నలలో మొదటిదానికి మీ జవాబును 17.6తో సరిచూసుకోండి. (ఇ)కి మీరు ఏదో ఒక నిల్వ పద్ధతి పేరు రాసి ఉంటే, ఆ విభాగంలోని మూడవ ప్రశ్నను మరొకసారి చదివి, లెక్కను మీరే వేసి చూడండి.